సుందరీకరణలో ఈకారం



కంటికి శస్త్రచికిత్స అయిన తరువాత తెర వంక ఎక్కువసేపు చూడవద్దని వైద్యుల ఆజ్ఞ. అందువల్ల మూడు నెలలుగా ఈ పుటలో నేనేమీ వ్రాయలేదు. ఛందస్సు మీద మొదలుపెట్టిన వ్యాసపరంపర సీసపద్యం దగ్గర ఆగి ఉన్నది. ముందు దానిని పూర్తి చేయవలసినవాణ్ణి. ఈలోగా మరొక విషయం వచ్చి మనస్సులో తిష్ఠ వేసింది. అది చెబితే గాని సీసం నడిచేటట్లు లేదు.

మొన్న మాఘమాసంలో ఒకనాటి ఉదయం మా యింటి గుమ్మం ముందు ఒక అమ్మాయి నిలబడి ఉన్నది. భుజాన సంచి, చంకలో చుట్టిన పటం, కాళ్ళకు మట్టిపట్టిన బూట్లు. “తాతయ్యగారూ, మా అమ్మ మీ దగ్గర పదో తరగతి చదువుకుందండీ. పాత మాటలు ఏవైనా కావాలంటే మీరు చెబుతారని పంపించింది” అన్నది. తల్లి పేరు చెప్పింది. ఆ పేరు వినగానే నా మనస్సు ఒక్క క్షణం జంకింది. ఎందుకో తరువాత చెబుతాను.

ఆ అమ్మాయి బీఆర్క్ అయిదేళ్ళు ముగించి, విజయవాడలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చదువుతున్నది. సత్తెనపల్లికి దగ్గరలోని ఒక గ్రామపు చెరువును, దానిలోకి నీరు వచ్చే దారులను, దాని చుట్టూ ఉన్న నేలను అధ్యయనం చేసి, ఆ ఊరికి తగిన రూపకల్పన ఒకటి సమర్పించాలట. “ఈ చదువుకు తెలుగులో ఏమంటారు తాతయ్యగారూ? సర్పంచిగారికి చెప్పలేక చస్తున్నాను” అన్నది.

చెప్పలేకపోవడానికి కారణం ఉన్నది. మొదటిరోజు ఆ ఊళ్ళో ‘భూదృశ్య వాస్తు’ అని చెప్పిందట. అది ఎవరో పత్రికలో వాడిన మాట. అంతే, సాయంత్రానికి నలుగురు వచ్చి, ఈశాన్యంలో బోరు వేయవచ్చునా, వీధిపోటుకు పరిహారమేమిటి అని అడిగారట. మరునాడు ‘తోటల డిజైను’ అన్నదట. “అయితే నర్సరీ పెడతావా అమ్మా?” అన్నారట. మూడవనాడు విసుగెత్తి ‘చెరువు సుందరీకరణ’ అన్నదట. అది మాత్రం అందరికీ వెంటనే అర్థమైనదట. “ఓహో, బెంచీలు, లైట్లు వేస్తారు!” అని సంతోషించారట.

ఇక్కడ ఒక పండితుని చాదస్తం ప్రదర్శిస్తాను, సహించండి. సుందరీకరణం అనే మాటలో ‘రీ’ మీద ఉన్న ఈకారం స్త్రీప్రత్యయం కాదు. ఈ మాటకు సుందరితో చుట్టరికమేమీ లేదు. అది చ్వి అనే ప్రత్యయం చేసిన పని. ఇంతకు ముందు ఏది కాదో దానిని అదిగా చేయడమనే అర్థంలో ఆ ప్రత్యయం వస్తుంది. తెల్లగా లేనిదానిని తెల్లగా చేస్తే శుక్లీకరణం. కనుక చెరువు సుందరీకరణం అన్నామంటే, అంతకు ముందు ఆ చెరువు సుందరం కాదని ఒప్పుకున్నట్లే. వ్యాకరణం తెలియక అంటున్నారని మొదట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు, తెలిసే అంటున్నారేమో అనిపిస్తున్నది.

పేరు వద్దు గాని, ఒక పట్టణంలో అటువంటి సుందరీకరణ ఒకటి చూశాను. చుట్టూ గోడ, లోపల పచ్చికబయలు, నడవడానికి రంగు సిమెంటు పలకలు, రెండు సిమెంటు జింకలు, పిల్లల కోసం ఒక డైనోసారు. గోడ వెంట ఒకటే జాతి చెట్లు, కోనోకార్పస్. త్వరగా పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. చూడడానికి ఇంకేమి కావాలి? అదే చెట్టును గుజరాత్ ప్రభుత్వం 2023లో ఎక్కడా నాటరాదని నిషేధించింది. ఇక మా నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. మొదటి వేసవిలో పలకలు తలలెత్తాయి. మొదటి పెద్దవానకు గోడ లోపల నీరు నిలిచి, డైనోసారు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది. పిల్లలకు మాత్రం అదే ఎక్కువ నచ్చింది. ఆ ఉద్యానం గీసినవారికి మొక్కలు తెలియవని కాదు, నీరు ఎటు పోతుందో వారిని ఎవరూ అడగలేదు. ఈ అమ్మాయి చదువు ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

ఆటోలో ఇద్దరమూ ఆ చెరువు దగ్గరకు వెళ్ళాము. ఆమె పటం విప్పి, సమోన్నత రేఖలు చూపించి, ఏ గీతకు ఏ గీత ఎంత ఎత్తో వివరించింది. నాకు తెలిసిన మాటలు నేను చెప్పాను. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు ఆమెకు తెలుసు. జాలు, గరువు, దొరువు కొత్తవి. తన పుస్తకంలో వ్రాసుకున్నది. చెరువుకు ఎగువన ఒకచోట తన లెక్క ప్రకారం నీరు రావలసిన పల్లమున్నది, కాని అక్కడ రోడ్డు ఉన్నదట. అక్కడ మేకలు కాస్తున్న ఒక ముసలమ్మను అడిగాము. ఆమె అన్నమాట ఉన్నదున్నట్లు వ్రాస్తున్నాను. “అది రోడ్డేందమ్మా, డొంక. వానొస్తే నీళ్ళు డొంక ఎంబడే చెరువులో పడేయి. డొంక మీద రోడ్డేసి ఎత్తు చేశారు. ఇప్పుడు చెరువుకెళ్ళే నీళ్ళు మా ఇళ్ళలోకొస్తన్నయ్. ఎవురికి చెప్పుకోను?”

తీగె లాగితే డొంకంతా కదలినదంటారు గదా, ఇక్కడ డొంకను కదిలిస్తే చెరువు ఎండిపోయింది. డొంకలు బండ్లు పోవడానికి, పశువులు పోవడానికి, వానాకాలంలో నీరు పోవడానికి, మూడింటికీ పనికివచ్చేవని నేను డెబ్బయి ఏళ్ళకు దగ్గరపడుతూ, ఇక్కడే పుట్టి పెరిగి, ఆ రోజు తెలుసుకున్నాను. ఆ అమ్మాయి ముసలమ్మ ప్రక్కన నేల మీద చతికిలబడి, ఆమె చేతివేలు చూపిన దారినంతా పటం మీద నీలిరంగు పెన్సిలుతో గీసింది. గీసిన గీత తన సమోన్నత రేఖల పల్లంలో సరిగ్గా ఇమిడింది. అది చూసి దాని ముఖం వెలిగిన తీరు, సమస్యాపూరణం కుదిరినప్పుడు అవధాని ముఖంలో చూశాను గాని మరెక్కడా చూడలేదు.

“ఈ చదువు ఎందుకు ఎంచుకున్నావమ్మా?” అని అడిగాను. పూలు, చెట్లు, ప్రకృతి అంటుందనుకున్నాను. “2024 సెప్టెంబరు తాతయ్యగారూ” అన్నది. కోర్సులో చేరిన కొత్త. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు, స్నేహితురాలి కుటుంబం రెండు రోజులు మేడ మీద ఉన్నదట. “అప్పటిదాకా నేను తోటలు గీయడమే అనుకున్నాను. అప్పుడు తెలిసింది, నీటికి చోటు ఉంచడం కూడా మా పనేనని.”

ఇప్పుడు నేను జంకిన సంగతి చెప్పాలి.

అది 1996. నేను ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. బడి ఆవరణలో పన్నెండు వేపమొక్కలు నాటించాము. పిల్లలు చేతిపంపు దగ్గర నుంచి బకెట్లతో నీళ్ళు మోసేవారు, సగం దారిలో ఒలికేవి. పదవ తరగతి చదివే ఒక అమ్మాయి, ఈ అమ్మాయి తల్లి, ఒక శనివారం మధ్యాహ్నం కొడవలి మొనతో నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. చేతిపంపు దగ్గర ఒలికే నీరు, పిల్లలు పళ్ళాలు కడిగిన నీరు ఒక సన్నని కాలువలో చేరి, మొక్క మొక్కకూ ఒక పాదు చుట్టి, తరువాతి మొక్కకు పోయేటట్లు త్రవ్వింది. ఎక్కడ మిట్ట ఉన్నదో ఒక సత్తుగిన్నెలో నీళ్ళు పోసి, నేల మీద పెట్టి చూసుకున్నది. ఎవరు నేర్పారని అడిగితే “మా నాయన మిరపతోటకు నీళ్ళు కట్టేటప్పుడు చూశానండీ” అన్నది. ఆ వేసవిలో పన్నెండు మొక్కలలో ఒక్కటీ చావలేదు. రెంటచింతల ఎండలు పత్రికలకెక్కే ప్రాంతమండీ మాది, వేసవిలో మొక్క బ్రతకడమంటే మాటలు కాదు.

పరీక్షలైన తరువాత ఆమె తండ్రి నన్ను సలహా అడగడానికి వచ్చాడు. “తోటల చదువు ఏదో ఉందంట, అది చదువుతానంటంది మాస్టారూ” అన్నాడు. నేనేమన్నానో నాకు అక్షరాలా గుర్తున్నది. “ఆడపిల్లకు తోటపని చదువేమిటయ్యా? అడవులూ పొలాలూ పట్టుకు తిరుగుతుందా? ఇంటర్ చదివించి టీచర్ ట్రైనింగ్ చేయించు, నీడపట్టున ఉంటుంది.” నీడపట్టున! చెట్లను బ్రతికించిన పిల్లను గురించి అన్న మాట అది. ఇంటర్ అయ్యీ కాకముందే పెళ్ళి చేశారు. ట్రైనింగు కూడా లేదు.

ఆ తండ్రి నా మాట విననట్లయితే ఏమయ్యేదని నన్ను నేను చాలాసార్లు సమాధానపరచుకున్నాను. ఆనాడు మన రాష్ట్రంలో ఆ చదువు ఎక్కడ ఉన్నదో నాకే తెలియదు. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చినది 2007లో, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వచ్చినది 2008లో. ఇవన్నీ నిజమే. కాని నేను ‘ఆ చదువు ఎక్కడ ఉన్నదో కనుక్కుందాం’ అనలేదు. ‘ఆడపిల్లకేమిటి’ అన్నాను. రెండింటికీ భేదం ఉన్నది.

ఆడపిల్లకూ తోటకూ సంబంధం లేదని మన పూర్వులు అన్నారా? వెతికి చూస్తే చిత్రంగా ఉంటుంది. అమరకోశంలో వనౌషధివర్గం తెరవండి. ఇంటి దగ్గరి తోటకు నిష్కుటమని ఒక పేరు. మంత్రుల ఇళ్ళలో, వేశ్యల ఇళ్ళలో ఉండే తోటకు వృక్షవాటిక అని మరొక పేరు. రాజుదై, అందరూ విహరించే దానికి ఉద్యానమని, ఆక్రీడమని పేర్లు. అదే అంతఃపుర స్త్రీలకు ప్రత్యేకించితే ప్రమదవనం. స్త్రీకి తోటలో నడిచే చోటు మాత్రం చూపించారు. అయితే వాత్స్యాయనుడు ఒక అడుగు ముందుకు వేశాడు. కామసూత్రాలనగానే కనుబొమలు ముడుచుకునే మిత్రులు భార్యాధికారికం అనే భాగం చదవాలి. ఇంటిలో కూరపాదులు, పూలమొక్కలు ఎక్కడ వేయాలో, కూర్చుండడానికి అందమైన అరుగులు ఎలా ఏర్పరచాలో, నడుమ బావియో దిగుడుబావియో కొలనో త్రవ్వించడమూ అన్నీ గృహిణి పనిగా చెప్పాడు. చెట్లు, ఆసనాలు, నీరు. ఈ అమ్మాయి పాఠ్యప్రణాళికలోని మూడు అంశాలు! ఒక్క జీతం మాత్రం చెప్పలేదు.

ప్రహరీ దాటి వచ్చిన స్త్రీలూ లేకపోలేదు. దూరమెందుకు, మా పల్నాటిలోనే నాగార్జునకొండ ఉన్నది. ఇక్ష్వాకుల కాలంలో, క్రీ.శ. మూడవ శతాబ్దిలో, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనంలో ఆమె కట్టించిన వాటి జాబితా ఉన్నది. చైత్యగృహం, విహారం, మండపాలు మాత్రమే కాదు, పువ్వసేల అనేచోట ఒక తటాకం కూడా ఉన్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు త్రవ్వించి దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి శాసనం వేయించింది. సప్తసంతానాలలో తటాకమూ వనమూ రెండూ ఉన్నాయి గదా, పుత్రుడితో సమానంగా. ఆ పుణ్యం స్త్రీలకూ దక్కింది. అయితే త్రవ్వించినవారి పేరు రాతి మీద ఉన్నది. వాలు చూసి, కట్ట ఎక్కడ వేయాలో చెప్పినవారి పేరు లేదు, మట్టి మోసినవారి పేరు అసలే లేదు. మట్టి మోసినవారిలో స్త్రీలు ఎందరో ఊహించడానికి శాసనాలు అక్కరలేదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ పథకంలో, మా చుట్టుప్రక్కల చెరువుల పూడికతీతకు వచ్చిన గుంపులను నేను కళ్ళారా చూశాను. తట్టలు మోసేవారిలో సగానికి మించి ఆడవాళ్ళే. కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్ళి చూడండి, అంటు కట్టే చేతులు ఎవరివో.

నా అభిప్రాయం ఇదీ. ఈ వృత్తిలోకి స్త్రీ కొత్తగా రావడం లేదు. క్రింది మెట్టు మీద ఎప్పటినుంచో ఉన్నది. పటం గీసే మెట్టు మీదకు ఇప్పుడు వస్తున్నది. వస్తుంటే మనం ఆమెను ఏ మాటలతో ఆహ్వానిస్తున్నామో చూడండి. ‘స్త్రీలకు సహజంగా సౌందర్యదృష్టి ఉంటుంది, పూలంటే ఇష్టం, కనుక ఈ రంగం వారికి బాగా నప్పుతుంది.’ ఈ పొగడ్త నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు. ఇది ప్రమదవనానికి మరొక ప్రహరీ. ఎలాగో ఆ అమ్మాయి మాటల్లోనే వినండి. బీఆర్క్ చివరలో శిక్షణకు ఒక పెద్ద సంస్థలో ఆరునెలలు చేసిందట. అక్కడ ఆడపిల్లలకు మొక్కల పట్టిక వ్రాయడం, రంగులు వేయడం. మగపిల్లలకు వాలులు, మురుగుకాలువలు, గోడల లెక్కలు. ఎవరూ ఇది నియమమని చెప్పలేదు, అలా జరిగిపోయేదంతే. పని జరిగేచోటికి వెళితే కాంట్రాక్టరు ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె ప్రక్కనున్న కుర్రవాడి ముఖం చూసి చెప్పేవాడట. ఆ కుర్రవాడు ఆమెకంటే ఏడాది చిన్న తరగతి. ఇంకొకటి, చెప్పడానికి ఆమె సంకోచించింది, నేను వ్రాయడానికి సంకోచించను. ఎనిమిది గంటలు ఎండలో నిలబడేచోట ఆడవారికి మరుగుదొడ్డి ఉండదు. నీళ్ళు తాగకుండా పని చేయడం అలవాటు చేసుకున్నదట. నీటికి దారి చూపే చదువు చదివిన పిల్ల!

పూలంటే ఇష్టమన్నందుకు పూల పట్టిక దొరికింది, అంతకంటే ఏమి దొరుకుతుంది? సీసంలో పాదాలన్నీ మరొకరు వ్రాసి, అడుగున ఎత్తుగీతి మాత్రం నీవు వ్రాయమన్నట్లు.

అన్యదేశాలలోనూ ఈ కథ ఇలాగే మొదలైనది. అమెరికాలో 1899లో ఈ వృత్తివారి సంఘం ఏర్పడినప్పుడు వ్యవస్థాపకులు పదకొండుమంది. అందులో ఒక్కరే స్త్రీ, బియాట్రిక్స్ ఫారండ్. ఆమెకు కళాశాల చదువు దొరకలేదు, ఒక వృక్షశాస్త్రజ్ఞుని దగ్గర శిష్యరికం చేసి నేర్చుకున్నది. తొలిరోజులలో ధనికుల ఇళ్ళ తోటలే దక్కాయి. 1912 నుంచి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఆమె చేతిలో రూపుదిద్దుకున్నది. ఆమె తనను ఆర్కిటెక్టు అనుకోలేదు, ‘ల్యాండ్‌స్కేప్ గార్డెనర్’ననే చెప్పుకున్నది. పేరుతో పేచీ మన సర్పంచిగారితోనే మొదలు కాలేదన్నమాట. ఇంగ్లండులో సిల్వియా క్రో అనే ఆమె ఇళ్ళ తోటలతో మొదలుపెట్టి, అడవుల పెంపకానికి, విద్యుత్కేంద్రాల పరిసరాలకు, 1970వ దశకంలో రట్లండ్ వాటర్ అనే మహాజలాశయపు తీరానికి సలహాదారు అయింది. మన చెరువుకూ దానికీ పరిమాణంలోనే తేడా.

మన దేశస్థురాలు అనూరాధా మాథుర్ గురించి ఆ అమ్మాయే చెప్పింది. అహమ్మదాబాదులో చదివి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలై, 2022లో కన్నుమూసింది. దిలీప్ డకున్హాతో కలిసి 2006లో బెంగుళూరు నేల గురించి, 2009లో ముంబయి గురించి గ్రంథాలు వ్రాసింది. ముంబయిలో 2005 నాటి వరద తరువాత ఆమె వాదం ఏమిటంటే, నీటిని శత్రువుగా గోడ కట్టి అవతల ఉంచడం కాదు, ఇంకనిచ్చే నేలగా నగరాన్ని ఊహించాలని. ఇది విన్నప్పుడు మేకల ముసలమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె చెప్పినదీ అదే. ఒకరికి ఆచార్యపీఠం, మరొకరికి ‘ఎవురికి చెప్పుకోను’.

ఇక చట్టం సంగతి. మన దేశంలో 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ‘ఆర్కిటెక్టు’ అనే బిరుదుకు రక్షణ ఇస్తుంది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుకు విడిగా అటువంటి చట్టం లేదు. 2003లో వృత్తిసంఘం ఏర్పడింది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలో పదవభాగం ఈ విషయానికి కేటాయించారు. మంచిదే. కాని మా వంటి పురపాలక సంఘంలోకి వెళ్ళి చూస్తే ఇంజనీరుకు కుర్చీ ఉన్నది, పట్టణ ప్రణాళిక అధికారికి కుర్చీ ఉన్నది, ఈ చదువు చదివినవారి కోసం వేసిన కుర్చీ నాకు కనిపించలేదు. టెండరు పిలుస్తారు, తక్కువకు పాడినవాడు పచ్చిక, పలకలు, డైనోసారు తెస్తాడు. ఒక్కొక్క జిల్లాకు ఒక్కరిని, పోనీ రెండు జిల్లాలకు ఒక్కరిని నియమించి, చెరువు మీద, వాగు మీద, డొంక మీద ఏ పని తలపెట్టినా వారి సంతకం లేనిదే రూపాయి కదలదని నియమం చేస్తే, పలకలకు పోసే డబ్బుతో ఆ జీతం వెళ్ళిపోతుంది. ఆ కుర్చీ స్త్రీలకే ఇవ్వమని నేను అనడం లేదు. కుర్చీ అంటూ ఉంటే వారు వచ్చి కూర్చుంటారు. తన తరగతిలో ఆడపిల్లలే ఎక్కువమంది అని ఆ అమ్మాయి చెప్పింది.

మాకు బస్సెక్కితే గంటకు అటూ ఇటూగా అమరావతి. 2015లో ముప్పైమూడు వేల ఎకరాల పైచిలుకు రైతులు సమీకరణకు ఇచ్చిన నేల, మధ్యలో కొన్నేళ్ళు ముళ్ళకంపలు మొలిచిన నేల, 2025 మే నెలలో పనులు పునఃప్రారంభమైన నేల. ఆ నేల కోసం ఏళ్ళ తరబడి దీక్షాశిబిరాలలో ముందు వరుసలో కూర్చున్నది ఆడవాళ్ళు. అక్కడి అసలు ప్రశ్న భవనాలు కాదు, కొండవీటి వాగు, పాలవాగు. ఆ వాగుల గట్లు ఎంత వెడల్పు ఉండాలి, వాటి పక్కన ఏ చెట్లు ఉండాలి, వానాకాలపు నీరు ఎక్కడ ఆగి ఎక్కడ కదలాలి అని నిర్ణయించే బల్ల చుట్టూ ఈ ప్రాంతపు ఆడపిల్లలు ఎందరు కూర్చుంటారు? మొక్కల పట్టిక వ్రాసే బల్ల సంగతి నేను అడగడం లేదు.

ఎదుటి వాదాన్ని కూడా దాచను. ఆ అమ్మాయి మేనమామ నాతో ఫోనులో మాట్లాడాడు. “మాస్టారూ, ఏడేళ్ళు చదివింది. మొదటి జీతం దాని తోటివాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ళ చదువుతో తెచ్చుకునేదానిలో సగం కూడా రాదంట. మీరైనా చెప్పండి, ఏదైనా కోర్సు చేసి మారమని.” మళ్ళీ నన్నే అడిగారు! ముప్పై ఏళ్ళ తరువాత అదే ప్రశ్న, అదే కుటుంబం. అతడు చెప్పినదానిలో అబద్ధం లేదు. ఇంటి అప్పు నేను తీర్చను, పెళ్ళిఖర్చు నేను పెట్టను. ధైర్యంగా ‘ఈ దారిలోనే వెళ్ళు’ అనడానికి నాకేమి అధికారం? ఆలోచించి ఇంతే అన్నాను. “బాబూ, ఇంతకు ముందొకసారి మీ ఇంటికి సలహా ఇచ్చాను. అది తప్పు. ఇప్పుడు ఇవ్వను. పిల్లను అడుగు.” అతడికి అర్థమైనదో లేదో తెలియదు.

వారం తరువాత తల్లి ఫోను చేసింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ గొంతు విన్నాను. “మాస్టారండీ, పాప వచ్చి ఇబ్బంది పెట్టిందా?” అన్నది. లేదమ్మా అన్నాను. 1996 నాటి సంగతి ఎత్తి, ఆనాడు మీ నాయనగారితో నేనలా అనకుండా ఉండవలసింది అన్నాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “మీరన్నారని నాకు తెలుసండీ. నాయన చెప్పాడు” అన్నది. అంతే. క్షమించాననీ అనలేదు, క్షమించలేదనీ అనలేదు. “వేపచెట్లున్నాయా మాస్టారండీ?” అని అడిగింది. ప్రహరీ కట్టినప్పుడు నాలుగు కొట్టేశారు, ఎనిమిది ఉన్నాయి అని చెప్పాను. ఏవి కొట్టారని అడిగింది. పడమటివైపువి అన్నాను. “అయ్యో, నీళ్ళు చివరికి చేరేవి వాటికేనండీ” అన్నది.

ఇక పేరు సంగతి తేలలేదు. ‘తీర్చు’ ధాతువు నుంచి ‘నేలతీర్పరి’ అని నేనొకటి చేసి ఇచ్చాను. ముగ్గు తీర్చినట్లు నేలను తీర్చే మనిషి అని నా భావం. “కోర్టులో భూమి తగాదాలు తీర్చే ఆవిడ అనుకుంటారు తాతయ్యగారూ” అని నవ్వింది. ఆలోచిస్తే ఆ డొంక విషయంలో అదీ కొంత నిజమే. భూదృశ్యశిల్పి అన్నాను, మరీ రేడియో వార్తలలాగా ఉన్నదన్నది. చదువరులలో పదనిర్మాణం మీద ప్రీతి గలవారు చాలామంది ఉన్నారు. ఒక నియమం మాత్రం: వాస్తు రాకూడదు, సుందరి రాకూడదు, మేకల ముసలమ్మకు ఒక్కసారి చెబితే అర్థం కావాలి. తొలకరి వానలు పడగానే ఆ అమ్మాయి డొంక దగ్గర నీటి మట్టం కొలవడానికి మళ్ళీ వస్తానన్నది. ఆలోపల మీకు తోచినది వ్రాస్తే, ఈసారి సర్పంచిగారి దగ్గరకు నేనే వెంట వెళ్ళి చెబుతాను.